చెరువు ఒకరిది, ఉప్పు ఇంకొకరిది

2025 ఆగస్టులో భారతదేశపు సరుకులపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం మొదలు నెల్లూరు దాకా ఒకటే మాట వినిపించింది: రొయ్య రైతు మునిగిపోయాడని. కౌంటు ధరలు పడిపోయాయి. ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. ఆదుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని కోరింది. ఆ ఆందోళన అబద్ధమని నేననను. 2023-24లో మన దేశం 60,523 కోట్ల రూపాయల విలువైన సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. ఆ విలువలో దాదాపు మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యలదే. పండించడంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. కొనడంలో అమెరికాది మొదటి స్థానం. అక్కడ తలుపు మూసుకుంటే ఇక్కడ చెరువు గట్టు మీద దీపం ఆరిపోవడం సహజమే.

అయితే ఆ రోజుల్లో నేను చదివిన వ్యాసాల్లో, విన్న ప్రసంగాల్లో ఒక ప్రశ్న మాత్రం ఎక్కడా ఎదురుకాలేదు. ఈ రొయ్య రైతు ఎవరు? భూమి ఉన్నవాడా, భూమిని లీజుకు తీసుకున్నవాడా, మేత చల్లేవాడా, రాత్రంతా ఏరియేటర్ల దగ్గర మేలుకునేవాడా, ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్య తలలు తీసే ఆడమనిషా? వీళ్లందరినీ 'ఆక్వా రంగం' అనే ఒక్క గొడుగు కిందికి తెచ్చి మాట్లాడటం మనకు అలవాటైంది. ఆ గొడుగు కింద నీడ ఎవరికి పడుతోందో, వాన ఎవరిమీద కురుస్తోందో అడిగితే కులం పేరు ఎత్తక తప్పదు. అందుకే ఎవరూ అడగరు.

నేను అడగడానికి ఒక కారణం ఉంది. గోదావరి సముద్రంలో కలిసేచోట, ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఒక పల్లెకారుల పేటలో పుట్టాను. తొంభైల మొదట్లో, హేచరీలు ఇంకా అంతగా రాని కాలంలో, టైగర్ రొయ్య సాగుకు కావలసిన పిల్ల మా ఆడవాళ్ల చేతుల మీదుగానే వెళ్లేది. మా అమ్మ, మేనత్తలు దోమతెర గుడ్డను రెండు కర్రలకు కట్టి, పోటు వేళ మోకాటిలోతు నీళ్లలో తోసుకుంటూ నడిచేవారు. ఒడ్డుకు వచ్చాక ఆ నీటిని తెల్లటి పళ్లెంలో పోసి, వెంట్రుకంత పిల్లల్ని ఆల్చిప్పతో ఏరేవారు. ఒంటి పొడవునా ముదురు రంగు గీత ఉంటే అది టైగర్. మిగిలిన చేప పిల్లలు, రొయ్య పిల్లలు ఒడ్డునే ఎండిపోయేవి. ఏటికి అది మంచి చేసిందని ఇప్పుడు చెప్పలేను. కానీ ఆ గీతను గుర్తుపట్టే చూపు ఏ కళాశాలా నేర్పింది కాదు. ఆ చూపుతోనే ఈ పరిశ్రమ మొదటి అడుగు వేసింది.

అదే కాలంలో బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవారు. చేపల వాసన మా కులానికి ఇంటిపేరు లాంటిది. పల్లెకారులు, వాడబలిజలు, జాలరులు, బెస్తలు, పట్టపు, వడ్డి కులాలవాళ్లు ఎంత కడుక్కున్నా పోని వాసన అది. ఊళ్లో పెద్దకులాల ఇళ్ల వీధి గుండా చేపల తట్టతో నడవడమే తప్పన్నట్టు చూసేవారు. పదేళ్లు తిరిగేసరికి అదే వీధిలో మేత బస్తాలు దిగాయి, రొయ్య లారీలు ఆగాయి, ఐసు కరిగిన నీచు నీళ్లు పారాయి. ఎవరూ ముక్కు మూసుకోలేదు. వాసన మారలేదు. వాసన వేసే వస్తువుకు యజమాని మారాడు, అంతే.

ఈ మార్పును కేవలం వ్యాపార దక్షతగా చూసేవాళ్లున్నారు. దక్షత లేదని అనడం అన్యాయం. డెల్టాలో క్షత్రియులు, కమ్మలు, కాపులు, దక్షిణ తీరంలో రెడ్లు వరి నుంచి రొయ్యకు మారడంలో తెగువ చూపారు, నష్టాలు భరించారు, కొత్త విద్య నేర్చుకున్నారు. కానీ ఆ తెగువ వెనుక ఏమున్నదో కూడా చూడాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువ నీరు ఎవరి పొలాల్లో పారిందో వారి దగ్గరే మిగులు పోగైంది. ఆ మిగులు మిల్లు అయింది, సినిమా అయింది, కాలేజీ అయింది, శాసనసభ సీటు అయింది, చివరికి చెరువు అయింది. ఒక పంట పోతే రెండో పంట వేయగలిగినవాడే ధైర్యవంతుడిగా కనిపిస్తాడు. మొదటి పంటకే తాళి తాకట్టు పెట్టినవాడి ధైర్యం ఎవరి లెక్కలోకీ రాదు. కులం పనులనే కాక పనిచేసే మనుషులను కూడా మెట్లుగా పేరుస్తుందని అంబేడ్కర్ 1936లోనే వివరించారు. రొయ్య విషయంలో జరిగింది ఆ సూత్రానికి మరో రుజువు. పని మైల అన్నది ఆ పని నష్టంలో ఉన్నంత కాలమే. లాభం రాగానే మైల పోయింది, మెట్లు మాత్రం అలాగే మిగిలాయి.

ఇక్కడ హేచరీ సంగతి చెప్పాలి. రొయ్యల రాజకీయం చాలావరకు అక్కడే ఉంది, దాన్ని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ఏటిలో దొరికే పిల్ల నమ్మకమైనది కాదు. ఒకనాడు దొరుకుతుంది, ఒకనాడు దొరకదు. అందుకే ఎనభైల చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో విశాఖ తీరంలో టాస్‌పార్క్ హేచరీ వచ్చింది. ఆపైన ప్రైవేటు హేచరీలు వెలిశాయి. మొదట్లో వాటికి తల్లిరొయ్య సముద్రం నుంచే రావాలి. గుడ్లతో ఉన్న టైగర్ తల్లి వలలో పడితే ఆ పడవకు పండగే. ఒక్కో తల్లి వేల రూపాయలు పలికిన రోజులున్నాయి. అంటే పిల్లను ఏరే పని పోయినా, తల్లిని పట్టే పని కొంతకాలం మా వాళ్ల చేతిలో మిగిలింది.

తర్వాత ఆ పనీ పోయింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ తీరమంతా టైగర్ చెరువులను తుడిచిపెట్టింది. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి పరిశ్రమకు చాలా ఏళ్లు పట్టింది. 2009లో కేంద్రం వెనామీ సాగుకు అనుమతి ఇచ్చింది. వెనామీ మన సముద్రానిది కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. నిర్దిష్ట వ్యాధులు లేవని పరీక్షించిన తల్లి రొయ్యలను విమానాల్లో తెప్పించి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, ఆ తర్వాత హేచరీలకు ఇస్తారు. అక్కడ కంటికాడ కత్తిరించి గుడ్లు పెట్టిస్తారు. గుడ్డు నాప్లి, జోయా, మైసిస్ దశలు దాటి పోస్ట్ లార్వా అయ్యేదాకా నాచునూ, విదేశీ ఆర్టీమియానూ మేపుతారు. సుమారు మూడు వారాల్లో పిల్ల ప్లాస్టిక్ సంచిలో ఆక్సిజన్‌తో చెరువుకు బయలుదేరుతుంది. ఈ విజ్ఞానాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దీనివల్ల ఉప్పుటేళ్లలో లక్షల పిల్లలు వృథాగా చావడం తగ్గింది. కానీ ఇదే విజ్ఞానం రొయ్యకూ ఏటికీ మధ్య ఉన్న బొడ్డుతాడును కోసేసింది. ఏరు ఉమ్మడి ఆస్తి. హేచరీ ప్రైవేటు ఆస్తి. పుట్టుక ఏటిలో నుంచి హేచరీలోకి మారిన రోజునే ఈ పంటపై మత్స్యకార కులాలకు ఉన్న చివరి పట్టు జారిపోయింది.

హేచరీ ఎక్కడ కడతారో చూడండి. దానికి శుభ్రమైన సముద్రపు నీరు కావాలి కనుక తీరం అంచునే కావాలి. బాపట్ల, నెల్లూరు, కాకినాడ, విశాఖ తీరాల్లో హేచరీ గోడలు లేచిన ఇసుక ఖాళీ నేల కాదు. పడవలు లాగే చోటు, వలలు ఆరేసే చోటు, చేపలు ఎండబెట్టే చోటు. రెవెన్యూ కాగితంలో దానికి పేరు లేదు కనుక మత్స్యకారుడికి హక్కూ లేదు. ఒక హేచరీ పక్క పల్లెలో నా దూరపు బంధువు ఒకాయన రాత్రి కాపలా చేస్తాడు. ఆయన తండ్రి తల్లిరొయ్యలు పట్టినవాడు. "లోపల ఏం చేస్తారో తెలుసా బావా?" అని అడిగితే నవ్వి, "గేటు దాకానే మన జ్ఞానం" అన్నాడు. లోపల పనిచేసే సాంకేతిక నిపుణులకు పట్టాలున్నాయి. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, 2020లో మత్స్య విశ్వవిద్యాలయానికి చట్టం వచ్చింది. ఆ తరగతి గదుల్లో సముద్రపు ఒడ్డు పేటల పిల్లలు ఎందరో లెక్క తీయమని విద్యార్థి మిత్రులను కోరుతున్నాను. ఆ లెక్క పట్టాల గురించి కాదు, గేటు లోపలికి ఎవరు వెళ్తున్నారన్న దాని గురించి.

చట్టం ఏం చేసిందన్నది తర్వాతి ప్రశ్న. దీనికి తమిళనాడు వెళ్లాలి. 1968 డిసెంబర్ 25న తంజావూరు డెల్టాలోని కీళవెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మంది దళితులను గుడిసెలో పెట్టి కాల్చి చంపారు. ఆ నేల మీదే సర్వోదయ ఉద్యమకారులైన జగన్నాథన్, కృష్ణమ్మాళ్ దంపతులు భూమిలేని దళిత కుటుంబాలకు, ముఖ్యంగా స్త్రీల పేరిట, భూమి ఇప్పించే పనిలో దశాబ్దాలు గడిపారు. కృష్ణమ్మాళ్ స్వయంగా భూమిలేని దళిత కుటుంబంలో పుట్టిన మనిషి. తొంభైలలో ఆ డెల్టాను రొయ్యల కంపెనీలు చుట్టుముట్టినప్పుడు, ఇప్పించిన భూమి చుట్టూ ఉప్పు పేరుకుంటుంటే, జగన్నాథన్ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 1996 డిసెంబర్ 11న వచ్చిన తీర్పు ఆ పోరాట ఫలితం. దేశంలో రొయ్యల సాగుపై వచ్చిన అతి పెద్ద తీర్పు భూమిలేని దళితుల ఉద్యమంలో నుంచి పుట్టింది. పర్యావరణ పాఠ్యపుస్తకాలు ఈ తీర్పును చెబుతాయి, దాని పుట్టుకను చెప్పవు.

తీరప్రాంత నియంత్రణ మండలిలో సంప్రదాయ పద్ధతులకు మినహా రొయ్యల చెరువులు ఉండరాదని ఆ తీర్పు చెప్పింది. పంట పొలాలను, ఉప్పు మళ్లను, మడ అడవులను, ఊరి ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని చెప్పింది. పాడుచేసినవాడే పరిహారం చెల్లించాలంది. ఈ సాగు వల్ల వచ్చే రాబడి కంటే జరిగే నష్టమే ఎక్కువన్న నిపుణుల నివేదికను నమోదు చేసింది. తర్వాత ఏం జరిగింది? తీర్పు అమలు ఆగింది. 2005లో తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చి, నిషేధం స్థానంలో రిజిస్ట్రేషన్ పెట్టింది. 2023లో సవరణ వచ్చి, తీర నియంత్రణ మండలిలో ఈ సాగునూ, దాని అనుబంధ కార్యకలాపాలనూ అనుమతించినట్టుగా 2005 నుంచే వర్తించేలా ప్రకటించింది. జైలు శిక్ష పోయి జరిమానా వచ్చింది. కోర్టు మూసిన తలుపును పార్లమెంటు రెండు విడతల్లో తీసింది. ఈ రెండు సందర్భాల్లోనూ తీరం మీద బతికే కులాలను అడిగినవారు లేరు.

ఇప్పుడు డెల్టాకు తిరిగి వద్దాం. దళితులకూ, యానాదులకూ ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూములు తరచు చవిటి నేలలే. కాలువ చివర, డ్రెయిన్ పక్కన, ఉప్పుటేటి ఒడ్డున. వరి పండక ఎవరికీ అక్కరలేనప్పుడు అవి పేదలకు దక్కాయి. రొయ్యకు ఉప్పు నీరు కావలసి వచ్చేసరికి అవే బంగారమయ్యాయి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం బదిలీని నిషేధించింది. అమ్మకం లేదు కనుక నోటి లీజు వచ్చింది. నాలుగు పట్టాల గట్లు తెంచి ఒక చెరువు చేశాక, నా ముక్క ఇదీ అని చూపించడానికి రాయి కూడా మిగలదు. 2023లో రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించి, ఇరవయ్యేళ్లు దాటిన అసలు పట్టాదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. హక్కు మంచిదే. కానీ పదిహేనేళ్లుగా ఇంకొకరి చెరువుకు అడుగున ఉన్న భూమిని అమ్మే హక్కు అంటే, ఆ చెరువు యజమానికే, ఆయన చెప్పిన ధరకే అమ్మే హక్కు. ఇది హక్కా, లాంఛనంగా ముగింపు పలకడమా అన్నది దళిత ఉద్యమాలు తేల్చుకోవలసిన విషయం.

నెల్లూరు తీరంలో యానాదుల కథ ఇంకా చేదు. చేతులతో తడిమి రొయ్యను పట్టగల విద్య వారిది. ఏళ్లు, వాగులు చెరువులైపోయాక ఆ విద్య పట్టుకుని చెరువు కాపలాకు చేరారు. ముందుగా కొంత సొమ్ము బయానా, గట్టు మీద మకాం, భార్యాభర్తలిద్దరి రాత్రీ పగలూ. పిల్లలు బడికి దూరం. పంట పోతే బయానా అప్పుగా మారి తర్వాతి పంటకు కట్టేస్తుంది. దీనికి వెట్టిచాకిరీ అన్న పేరు చట్టంలో ఉంది. గట్టు మీద ఆ పేరు ఎవరూ పలకరు.

ఇక నీటి సంగతి. కిందటి వేసవిలో పశ్చిమ డెల్టాలో ఒక మాలపల్లెకు వెళ్లాను. మూడు వైపులా చెరువులే. బోరు నీళ్లు ఉప్పన, మంచినీళ్ల చెరువులోకి డ్రెయిన్ ఊట. వరి ఉన్న రోజుల్లో నాట్లకూ, కలుపుకూ, కోతకూ వెళ్లిన ఆడవాళ్లు ఇంటి అరుగుల మీద కూర్చుని ఉన్నారు. పది ఎకరాల వరి ఒక ఊరి ఆడవాళ్లకు పని పెడితే, పది ఎకరాల చెరువు ఒకటి రెండు జంటలకు పెడుతుంది. ఒక పెద్దామె నాతో అంది: "పనీ పోయింది, నీళ్లూ పోయాయి తమ్ముడూ. ఇదివరకు కూలి డబ్బుల్తో బియ్యం కొనేవాళ్లం. ఇప్పుడు నీళ్లు కొంటన్నాం." చెరువు యజమాని ఇంట్లోనూ టిన్ను నీళ్లే తాగుతారు. తేడా ఏమిటంటే, ఆ టిన్ను ధర ఆయనకు పంట ఖర్చులో కనిపించదు. ఈమెకు ఆ పూట కూరలో కనిపిస్తుంది.

నీళ్లు పాడుచేయడాన్ని పర్యావరణ సమస్య అని మాత్రమే పిలిచే మేధావులకు ఒక సంగతి గుర్తుచేయాలి. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర. నీళ్లను మురికి చేయవద్దన్నందుకే దాడి, హత్యలు. దానికి చాలా ముందు 1927లో మహద్ చౌదార్ చెరువు దగ్గరికి అంబేడ్కర్ నడిచింది నీటి కోసమే. దళిత ఉద్యమ చరిత్రలో నీరు ఎన్నడూ కేవలం నీరు కాదు. ఆనాడు తాకనివ్వకపోవడం రూపంలో ఉన్న వివక్ష, ఈనాడు తాగలేకుండా చేయడం రూపంలో ఉంది. మొదటి దానికి చట్టంలో శిక్ష ఉంది. రెండో దాన్ని నేరంగా చూసేవారే అరుదు. వెనామీ చెరువులు వ్యర్థజలాన్ని శుద్ధి చేశాకే వదలాలన్నది నిబంధన. నేను తిరిగిన గట్ల మీద అలాంటి ఏర్పాటు ఒక్కటీ కనిపించలేదు. మురుగు దిగువకు పోతుంది. మన ఊళ్లలో దిగువన ఎవరుంటారో చెప్పనక్కరలేదు.

కొల్లేరును చూస్తే ఇంకొక పాఠం తెలుస్తుంది. డెబ్బైలలో ప్రభుత్వమే వడ్డి కులస్తులకూ, దళితులకూ సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు ఇచ్చింది. ఆశయం గొప్పది. కానీ సంఘానికి చెరువు ఇచ్చినవారు పెట్టుబడి ఇవ్వలేదు. మేత అప్పుకు బయటివాడు వచ్చాడు, అప్పు తీరేదాకా చెరువు తనదన్నాడు, ఆ అప్పు తీరలేదు. సంఘం రిజిస్టర్లో పేర్లు వడ్డివారివి, గట్టు మీద మాట మరొకరిది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చెరువు గట్లను పేల్చివేశారు. పేల్చినప్పుడు బినామీ పెట్టుబడిదారు మరో చోట చెరువు తవ్వుకున్నాడు. లంక గ్రామాలవారికి మరో చోటు లేదు. సరస్సును కాపాడటం తప్పని నేననను. కానీ నేరం చేసిన చేతికీ శిక్ష పడిన ఒంటికీ మధ్య దూరాన్ని కులం కొలిచి ఇస్తుంది.

2021లో జీవో 217 పేరుతో చెరువులను బహిరంగ వేలానికి పెట్టాలని చూసినప్పుడు మత్స్యకార సంఘాలు రోడ్డెక్కింది ఈ అనుభవంతోనే. వేలం అంటే సమానావకాశం అన్నారు అధికారులు. డబ్బు సమానంగా లేనిచోట వేలం సమానంగా ఎలా ఉంటుంది? 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. సంతోషమే. కానీ జీవో పోయినంత మాత్రాన బినామీ పోదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం, ఇతరులకు 40 శాతం రాయితీ ఉంది. కాగితం మీద ఇది సామాజిక న్యాయం. అందుకోవాలంటే భూమి కాగితమో, రిజిస్టర్డ్ లీజో, వాటాధనమో చూపాలి. అవి లేని మనిషి పేరు మాత్రమే పనికొస్తుంది. మన ఊళ్లలో దళిత స్త్రీల పేర్లు ఇలా అద్దెకు పోతున్నాయి.

చివరి మెట్టు ప్రాసెసింగ్ షెడ్డు. తలలు తీయడం, పొట్టు వలవడం, గ్రేడింగ్. చేసేవారు అత్యధికం దళిత, మత్స్యకార, వెనుకబడిన కులాల స్త్రీలు, ఉత్తరాంధ్ర నుంచీ ఒడిశా నుంచీ వలస వచ్చినవారు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో ట్యాంకు విషవాయువుకు అయిదుగురు కార్మికులు చనిపోయారు. దానికి ముందు నుంచే తుందుర్రు పరిసర గ్రామాలవారు అలాంటి కర్మాగారం తమ మధ్య వద్దని 144వ సెక్షన్ కింద నిర్బంధాలు అనుభవిస్తూ పోరాడుతున్నారు. వారి భయం వట్టిది కాదని ఆ అయిదు శవాలు చెప్పాయి. 2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికా సంస్థ మన రొయ్యల పరిశ్రమలో అప్పుల వెట్టి, ప్రమాదకరమైన పని పరిస్థితులు ఉన్నాయని నివేదిక ఇచ్చింది. ఇక్కడ వెంటనే వచ్చిన జవాబు విదేశీ కుట్ర అని. అమెరికా వ్యాపారులకు తమ స్వార్థం ఉండవచ్చు. కానీ ఐసులో కొంకర్లు పోయిన వేళ్లు విదేశీవి కావు.

నా వాదనకు ఎదురయ్యే మూడు అభ్యంతరాలు నాకు తెలుసు. వరి కంటే చెరువు లీజు ఎక్కువ ఇస్తోంది, దళిత రైతు కూడా సంతోషంగానే ఇస్తున్నాడు అన్నది మొదటిది. నిజమే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించే స్థితికి వరి దిగజారిందన్నదీ నిజమే. కానీ అర ఎకరం ఉన్నవాడికి లీజు వస్తుంది, ఏమీ లేనివాడికి కూలి పోతుంది. మన పల్లెల్లో రెండోవారే ఎక్కువ. ఇప్పుడు చెరువులు చేస్తున్న కౌలుదారుల్లో శెట్టిబలిజలు, మత్స్యకారులు, దళితులు కూడా ఉన్నారు కదా అన్నది రెండోది. ఉన్నారు. లీజు ముందే కట్టి, మేతా పిల్లా అప్పు మీద తెచ్చి, పంటను కమీషన్ వ్యాపారికి ముందే రాసిచ్చి బతికే వీరే నేడు అసలైన రొయ్య రైతులు. సుంకం దెబ్బకు మొదట పడింది వీరే. కానీ ప్రభుత్వ సాయం లెక్క భూమి కాగితం దగ్గర మొదలవుతుంది. విద్యుత్ రాయితీ యూనిట్ రూపాయిన్నర అయినా మరొకటైనా, అది మీటరు ఎవరి పేరున ఉందో వారికి వెళుతుంది.

మూడోది, ప్రతిదానికీ కులాన్ని ముడిపెట్టడం ఎందుకన్నది. ముడి నేను వేయలేదు. ఎవరి ఇసుక మీద హేచరీ లేచింది, ఎవరి పట్టా చెరువు అడుగున పడింది, ఎవరి బావి ఉప్పయింది, ఎవరి వేళ్లు ఐసులో ఉన్నాయి అని నాలుగు ప్రశ్నలు విడివిడిగా వేస్తే నాలుగు జవాబులూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ముడి అక్కడ ఉంది. చూడకపోతే విప్పలేం.

నేను రొయ్యల సాగును ఆపమనడం లేదు. ఆపితే ముందు ఆకలితో పడుకునేది మా పేటలే. చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. మొదటిది, చెరువుల లెక్క తీయాలి: ఎన్ని ఎకరాలు అన్నదే కాదు, పట్టా ఎవరిది, సాగు ఎవరిది, ఏ కులం, ఏ ఒప్పందం అన్నది. ఈ లెక్క లేని ఆక్వా విధానం గుడ్డిది. రెండోది, మంచినీటి వనరులకు ఉప్పు చేరితే దాన్ని బాగుచేసే ఖర్చు ఆ డ్రెయిన్‌లోకి నీరు వదిలే చెరువులన్నీ కలిసి భరించాలి. 1996 తీర్పులోని సూత్రం అదే. దళితవాడల్లో నీటిని చెడగొట్టడాన్ని అత్యాచార నిరోధక చట్టం కింద చూసే విషయం న్యాయవాదులు చేపట్టాలి. మూడోది, కొత్తగా హేచరీకి అనుమతి ఇచ్చేముందు ఆ తీరపు మత్స్యకార గ్రామసభ అంగీకారం కావాలి. వలలు ఆరేసే ఇసుకపై వారి ఉమ్మడి హక్కును రికార్డుకు ఎక్కించాలి. నాలుగోది, మత్స్యకార సంఘాలకూ దళిత సంఘాలకూ ప్రభుత్వ హేచరీ నుంచి పిల్ల, సహకార బ్యాంకు నుంచి మేత పెట్టుబడి నేరుగా అందాలి. కొల్లేరులో చేయని పని అదే. అయిదోది, గట్టు మీద కాపలాదారు నుంచి షెడ్డులో వలిచే స్త్రీ దాకా ప్రతి ఒక్కరి పేరూ హాజరు పుస్తకంలో ఉండాలి, భవిష్యనిధి, ఈఎస్ఐ ఉండాలి. సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పే సంచి మీది ముద్ర, దాన్ని ఎవరు వలిచారో కూడా చెప్పగలగాలి.

ఈ డిమాండ్లకు ఒక ఐక్యత కావాలి. ఇంతకాలం మత్స్యకారులు తమ జీవోల కోసం, దళితులు తమ పట్టాల కోసం, యానాదులు తమ బతుకు కోసం వేరువేరుగా నడిచారు. చాలాసార్లు మా పల్లెకారుల పేటలే మాలపల్లెను తక్కువగా చూశాయి. ఆ సంగతి దాచి ఐక్యత గురించి మాట్లాడటం నాకు చేతకాదు. కానీ ఉప్పు పేటనూ పల్లెనూ వేరుచేసి చూడదు. అది ఒకే డ్రెయిన్ వెంట రెండు చోట్లకూ వస్తోంది. దాన్ని ఆపడానికి వెళ్లే దారి కూడా ఒకటే కావాలి.

మా అమ్మకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు టీవీలో సుంకాల వార్త విని, "వెనామీకి గీత ఉంటదంట్రా?" అని అడిగింది. టైగర్ లాంటి గీత ఉండదని చెప్పాను. "మరి మంచి పిల్లని ఎట్టా ఏరతారు?" అంది. ఏరనక్కరలేదమ్మా, అన్నీ ఒకే రకం పుడతాయని చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే మనతో పనేముంది" అంది. ఆ మాటకు జవాబు చెప్పవలసింది నేను కాదు. ప్రతి బడ్జెట్‌లోనూ నీలి విప్లవం పేరు చెప్పే ప్రభుత్వాలు, ఆ విప్లవం ఎవరి భుజాల మీదుగా నడిచి వచ్చిందో గుర్తుంటే, వాళ్లు చెప్పాలి.